అధికారాన్ని నిలదీసే వ్యంగ్య లినోకట్: ఆలోచన నుంచి అచ్చు దాకా

లినోకట్ అంటే లినోలియం (లినో) పలకని ఉలితో చెక్కి, ఇంకు పూసి, కాగితం మీద అచ్చు తీయడం. ఆ పలక మీద ఉలి నడపడం కాస్త చేతికొచ్చాక చాలామంది అడిగేది ఒకటే. పువ్వులు, పిట్టలు చక్కగానే వస్తున్నాయి. చుట్టూ జరుగుతున్న అన్యాయం మీద బొమ్మ వేద్దామంటే మాత్రం అది నినాదంలా అరుస్తుందే తప్ప ఎవరికీ గుచ్చుకోదు. ఎక్కడ తేడా కొడుతోంది?

తేడా చాలావరకు చెక్కడంలో ఉండదు, ఉలి పట్టకముందు చేయాల్సిన పనిలో ఉంటుంది. అందుకే ఇక్కడ దాదాపు సగం ఆ పనే ఉంది. పరికరాలు, ఇంకు, కాగితం సంగతి తర్వాత వస్తుంది.

ఉదాహరణకి ఒకే బొమ్మ తీసుకుని చివరిదాకా వెళ్దాం. ఒక ఆఫీసు కౌంటర్. కిటికీ మనిషికి అందనంత ఎత్తులో ఉంది. జనం తాము పెట్టుకున్న దరఖాస్తుల కట్టల మీదే ఎక్కి నిలబడి దాన్ని అందుకోవాలని చూస్తున్నారు. కిటికీలోంచి కనిపించేది ముద్ర పట్టుకున్న ఒక చెయ్యి మాత్రమే.

## 1. ముందు వాక్యం, తర్వాత బొమ్మ

కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. అందులో ఎవరు, ఎవరిని, ఏం చేస్తున్నారో ఉండాలి. ముఖ్యంగా క్రియ ఉండాలి.

"అవినీతి పెరిగిపోయింది" అనే వాక్యాన్ని చెక్కలేం. "పేదరికం దారుణం" అన్నదాన్నీ చెక్కలేం. అవి అభిప్రాయాలు, అందులో కంటికి కనిపించే పని ఏదీ లేదు. "జనం ఎన్ని దరఖాస్తులు పెడితే కిటికీ అంత పైకి పోతుంది" అంటే చెక్కొచ్చు. ఎక్కడం ఉంది, పైకి పోవడం ఉంది, మధ్యలో కాగితాలు ఉన్నాయి.

ఫ్రెంచ్ చిత్రకారుడు ఒనొరే దోమియే 1831లో వేసిన 'గార్గాంత్యువా' (పాత ఫ్రెంచ్ కథలోని తిండిపోతు రాక్షసుడి పేరు) లితోగ్రాఫ్‌ని, అంటే రాతి పలక మీద గీసి తీసిన అచ్చుని, ఈ దృష్టితో చూడండి. రాజు లూయీ ఫిలిప్ భారీ కాయంతో కూర్చుని ఉంటాడు. బీదజనం ఇచ్చిన సొమ్ము బుట్టల్లో ఒక వాలుబల్ల మీదుగా అతని నోట్లోకి పోతుంటుంది. ఆసనం కింద నుంచి తన వాళ్ళకి పదవులు, బిరుదుల కాగితాలు రాలుతుంటాయి. సొమ్ము ఎటు నుంచి ఎటు పోతోందో కళ్ళకి కట్టింది కాబట్టే ఆ బొమ్మకి వివరణ అక్కర్లేదు.

వాక్యం రాశాక దాని వెనకున్న నిజాన్ని సరిచూసుకోండి. వ్యంగ్యం ఉన్నదాన్ని పెంచి చూపిస్తుంది, లేనిదాన్ని కల్పించకూడదు. దరఖాస్తు ఎన్ని రోజుల్లో తేల్చాలని నిబంధన ఉంది, నిజానికి ఎన్ని రోజులు పడుతోంది, ఎవరి పని వెంటనే అవుతోంది అన్నవి ఆర్డర్లు, రసీదులు, లెక్కలు చూసి తెలుసుకోండి. బొమ్మలోకి ఆ అంకెలేవీ రావు. కానీ ఎవరైనా నిలదీస్తే మీ దగ్గర జవాబు ఉండాలి. పైగా ఇలా వెతికేటప్పుడే మంచి వస్తువులు దొరుకుతాయి: టోకెను, స్టాంపు ప్యాడు, ఎప్పుడూ ఖాళీగా ఉండే కుర్చీ.

ముందుకెళ్ళే ముందు:
- వాక్యంలో క్రియ ఉందా?
- లాభపడేది ఎవరో, భరించేది ఎవరో తెలుస్తోందా?
- రుజువు చేతిలో ఉందా?
- వాక్యంలో "మరియు" గానీ "అంతేకాదు" గానీ వచ్చిందా? వస్తే అవి రెండు బొమ్మలు. విడదీయండి.

## 2. ఎవరిని చూసి నవ్వాలి, ఎవరిని చూసి నవ్వకూడదు

నా ఉద్దేశంలో ఎక్కువ బొమ్మలు చెడేది ఇక్కడే.

మొదటి పొరపాటు, మనిషి ముఖం మీద పడటం. పెద్ద ముక్కు, బానపొట్ట, బట్టతల గీసి నవ్వించడం తేలిక. కానీ ఆ మనిషి పదవి దిగిపోగానే బొమ్మ కూడా పాతబడుతుంది, కిటికీ మాత్రం అక్కడే, అంతే ఎత్తులో ఉంటుంది. చెక్కాల్సింది ఆ ఏర్పాటుని. మన ఉదాహరణలో అధికారి ముఖం లేకపోవడానికి కారణం ఇదే.

ఒళ్ళు, రంగు, కులం, వైకల్యం, యాస, ఆడా మగా తేడా మీద ఎత్తిపొడుపు అస్సలు వద్దు. లావుగా ఉండటం దోపిడీకి గుర్తు కాదు. అలా గీస్తే బొమ్మ చూసే జనంలో సగంమంది తమనే వెక్కిరించారనుకుంటారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

రెండో పొరపాటు, బాధితుల్ని జాలిబొమ్మలుగా మార్చడం. చేతులు జోడించి, ఎముకలు తేలి, అందరూ ఒకే ముఖంతో ఉంటారు. ఇది కూడా అవమానమే. మన క్యూలో ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు ఇవ్వండి. ఒకామె కొప్పులో పెన్ను దోపుకుంది. ఒక పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి కిటికీ దూరాన్ని అంచనా వేస్తున్నాడు. ఒక కుర్రాడు ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపుతున్నాడు. వీళ్ళు మోసపోతున్న తెలివైన మనుషులు. ఆ తెలివి కనబడితేనే కిటికీ మీద కోపం వస్తుంది.

తలకిందులు చేయడం ఈ కళలో పాత ఆయుధం. స్పెయిన్ చిత్రకారుడు గోయా 1799లో వెలువరించిన 80 చిత్రాల 'కాప్రిచోస్' వరసలో 42వది చూడండి: ఇద్దరు మనుషులు వంగిపోయి వీపు మీద గాడిదల్ని మోస్తుంటారు. మోయాల్సినది ఎక్కి కూర్చుంది, ఎక్కాల్సినవాడు మోస్తున్నాడు. మీ వాక్యంలోనూ ఇలా తిరగేయదగ్గ జంట ఉందేమో వెతకండి: మోసేవాడు-ఎక్కేవాడు, అడిగేవాడు-ఇచ్చేవాడు, కాపలా కాసేవాడు-దోచేవాడు.

కిరీటం, డబ్బుమూట, పుర్రె, సంకెళ్ళు పక్కన పెట్టండి. అవి గీస్తే చూసేవాళ్ళు "ఓహో, ఇది నిరసన బొమ్మ" అనుకుని పేజీ తిప్పేస్తారు. స్టాంపు ప్యాడు దగ్గర ఆగుతారు, ఎందుకంటే అది వాళ్ళు చూసిన వస్తువు.

## 3. అగ్గిపెట్టె సైజు స్కెచ్‌లు

పెన్సిల్ వద్దు. లావు మార్కర్ గానీ బ్రష్ పెన్ గానీ తీసుకుని, అగ్గిపెట్టె సైజు గడుల్లో కనీసం పది రకాలుగా అదే వాక్యాన్ని వేయండి. పెన్సిల్‌తో వేస్తే బూడిదరంగు వస్తుంది, లినోకట్‌లో బూడిదరంగు ఉండదు.

మొదటి మూడు అందరికీ తట్టేవే అవుతాయి. కిటికీ ఎత్తు సంగతి సాధారణంగా ఆ తర్వాతే తడుతుంది. కాబట్టి తొందరపడి ఆపకండి.

నచ్చినదాన్ని ఈ విషయంతో సంబంధం లేని ఒకరికి చూపించి మూడు సెకన్లలో తీసేయండి. "ఏం కనిపించింది?" అని మాత్రమే అడగండి. "బాగుందా?" అని అడగొద్దు. "జనం కాగితాల మీద ఎక్కుతున్నారు" అంటే పాసైనట్టే. "ఏదో ఆఫీసు" అంటే మళ్ళీ వేయాలి. వివరించబోకండి, అచ్చు పక్కన ఎప్పుడూ మీరు నిలబడి ఉండలేరు. మెక్సికోలో 1937లో మొదలైన తయ్యేర్ దె గ్రాఫికా పొపులార్ (ప్రజా అచ్చుబొమ్మల కార్యశాల) అనే చిత్రకారుల బృందం తమ బొమ్మల్ని అందరూ కలిసి విమర్శించుకునే పద్ధతి పెట్టుకుంది. మీకు బృందం లేకపోయినా ఇద్దరు ముగ్గురు మొహమాటం లేని మనుషులు చాలు.

## 4. నలుపు తెలుపుల పంపకం

లినోలో చెక్కిన చోటు తెలుపు, వదిలేసిన చోటు నలుపు. ఎవరికి ఎంత నలుపు ఇస్తారన్నదే మీ విమర్శ.

మన బొమ్మలో గోడ మొత్తం నలుపు. కిటికీ చిన్న తెల్లటి చదరం. అందులో చెయ్యి నలుపు. కంటికి వెంటనే ఆ చదరం తగులుతుంది, అక్కడి నుంచి కిందికి జారి జనం మీదికి వస్తుంది. జనం తెల్లటి కాగితాల మీద నిలబడ్డారు కాబట్టి కాళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి, ముఖాలు నల్లటి గోడ మీద తెల్లటి గీతలతో వస్తాయి. ఇలా పైనుంచి కిందిదాకా ఒక్క చూపులో దారి ఏర్పడుతుంది.

ఇదే బొమ్మని తెల్లటి గోడతో వేసి చూడండి. కిటికీ మాయమైపోతుంది, జనమే గుంపుగా, గందరగోళంగా కనిపిస్తారు. అదే వాక్యం, అదే గీతలు, కానీ తప్పు జనానిదే అన్నట్టు తయారవుతుంది.

సైజుల తేడాలో మొహమాటపడకండి. పెద్దది చాలా పెద్దదిగా, చిన్నది చాలా చిన్నదిగా ఉండాలి. చెయ్యి మనిషి తలకి రెండింతలు ఉంటే చాలదు, ఆరింతలు చేయండి. మధ్యస్థంగా పెంచితే గీయడం రాలేదనుకుంటారు.

అసలు సైజులో నలుపు సిరాతో పూర్తి బొమ్మ వేసి, గోడకి అంటించి, గది అవతలి మూల నుంచి చూడండి. అక్కడి నుంచి అర్థంకాని గీతలన్నీ తీసేయొచ్చు.

## 5. సామాగ్రి

మొదటి బొమ్మకి 15 × 20 సెంటీమీటర్ల పలక సరిపోతుంది.

- లినోలియం, సుమారు 3 మిల్లీమీటర్ల మందం. రబ్బరు పలక మెత్తగా తెగుతుంది కానీ సన్నగీతలు, అక్షరాలు అందులో వంకర పోతాయి.
- ఒక సన్న 'వి' ఉలి, ఒక చిన్న 'యు' ఉలి, ఒక వెడల్పాటి 'యు' ఉలి.
- ఉలికి పదును పెట్టే తోలు ముక్క, పాలిషింగ్ పేస్టు.
- పలక జారకుండా ఆపే బెంచ్ హుక్.
- రిలీఫ్ ప్రింటింగ్ (ఎత్తుగా మిగిలిన చోటే అచ్చు పడే పద్ధతి) ఇంకు, రబ్బరు రోలర్, ఇంకు పరచడానికి గాజు పలక.
- చేత్తో అచ్చు వేస్తే సన్నటి, నునుపైన కాగితం. 40 నుంచి 100 జిఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు) మధ్య హాయిగా ఉంటుంది. మందపాటి కాగితం ప్రెస్ ఉన్నవాళ్ళకే.
- రుద్దడానికి బారెన్ (చేత్తో పట్టుకుని కాగితం వెనక రుద్దే చదునైన బిళ్ళ), లేదా నునుపైన చెక్క గరిటె వెనకభాగం.

ఇంకు విషయంలో ఒక మాట. నీటి ఇంకు కడగడం సులువు కానీ త్వరగా ఆరిపోయి పెద్ద నలుపుల్లో మచ్చలు వస్తాయి. మన బొమ్మలో గోడంతా నలుపే కాబట్టి నూనె ఇంకు మేలు. సబ్బునీళ్ళతో కడగగలిగే నూనె ఇంకులు దొరుకుతాయి, మొదలుపెట్టేవాళ్ళకి అవే చెప్తాను.

## 6. తిప్పి గీయడం

అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. ట్రేసింగ్ పేపర్ మీద బొమ్మని ఎత్తి, ఆ కాగితాన్ని బోర్లించి, కింద కార్బన్ పేపర్ పెట్టి లినో మీదికి దింపండి. గీతల మీద పర్మనెంట్ మార్కర్‌తో మళ్ళీ గీసి, పలకంతా పల్చటి ఎర్ర రంగో పసుపు రంగో పూయండి. చెక్కినచోట లినో సొంత రంగు బయటపడి, ఎంత అయిందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది.

బొమ్మలో అక్షరాలుంటే ఇక్కడే జాగ్రత్త. మన బొమ్మలో దరఖాస్తుల మీద "రేపు" అనే ముద్ర ఉంది. పలక మీద అది తిరగబడి ఉండాలి. చేతిలోని ముద్ర అడుగు మీద కూడా ఆ మాట చూపిద్దామనిపిస్తుంది, కానీ నిజమైన ముద్ర మీద అక్షరాలు తిరగేసే ఉంటాయి. అలా చూపిస్తే చదవలేరు, సరిగ్గా చూపిస్తే అబద్ధం. అందుకే మాటని కాగితాలకే వదిలేయండి.

తెలుగు అక్షరాల గుండ్రనాలు, ఒత్తులు చిన్న సైజులో పూడుకుపోతాయి. మొదట్లో అక్షరం ఎత్తు ఒకటిన్నర సెంటీమీటరుకి తగ్గనివ్వకండి. 'ద'కి 'ధ'కి, 'ప'కి 'ఫ'కి తేడా ఒక చిన్న గీతే. ఉలి జారి అది ఎగిరిపోతే మాటే మారిపోతుంది. దింపిన పలకని అద్దంలో చూసి, గట్టిగా చదివి, అప్పుడు ఉలి తీయండి.

## 7. చెక్కే వరస

లినో గట్టిగా ఉంటే హెయిర్ డ్రైయర్‌తో కాస్త వేడి చేయండి, మెత్తబడుతుంది. పదును తగ్గిన ఉలిని నెట్టాల్సి వస్తుంది, నెట్టిన ఉలే చేతిలో దిగుతుంది. పలక పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలి, ముందు కాదు.

1. ముఖాలు, వేళ్ళు, అక్షరాలు ముందు. చెయ్యి అలసిపోకముందే సన్న 'వి' ఉలితో చేయండి.
2. తర్వాత నలుపు ఆకారాల చుట్టూ హద్దు గీత.
3. తర్వాత బట్టల మడతలు, కాగితాల అంచులు.
4. పెద్ద తెలుపుల్ని తవ్వడం చివర్లో, వెడల్పాటి ఉలితో.

వంపు వచ్చినచోట ఉలిని తిప్పకుండా పలకని తిప్పండి. నిలబెట్టాల్సిన సన్నగీత అడుగు వెడల్పుగా, అంచులు వాలుగా ఉండాలి. అడుగు కోసుకుపోయిన గీత నాలుగు అచ్చులకే విరిగిపోతుంది. లినో వెనక అంటించి ఉండే గోనె పోగులు కనిపించాయంటే మరీ లోతు వెళ్ళిపోయారు.

పెద్ద తెలుపుల్లో ఉలి వదిలే గట్లు అచ్చులో చిన్న గీతలుగా పడతాయి. అన్నీ తుడిచేయక్కర్లేదు. వాటిని ఒక దిక్కుకి తిప్పండి. కాగితాల చుట్టూ అవి పైకి, కిటికీ వైపు సాగితే బొమ్మలో ఊపు వస్తుంది.

అనుమానమొస్తే చెక్కకండి. నలుపుని ఎప్పుడైనా తెలుపు చేయొచ్చు, తెలుపుని నలుపు చేయడం కష్టం.

## 8. ప్రూఫ్ తీసి దిద్దడం

చెక్కడం పూర్తయిందనిపించడానికి కాస్త ముందే మొదటి ప్రూఫ్ (సరిచూసుకునే అచ్చు) తీయండి. ఆ ప్రూఫ్ మీదే తెల్ల రంగుతో, నల్ల పెన్నుతో దిద్ది చూసి, నచ్చితే పలక మీద చేయండి.

పొరపాటున తెగిన చిన్న ముక్కని సూపర్ గ్లూతో అంటించొచ్చు. పెద్ద గాటుని రెండు భాగాల ఎపాక్సీ పుట్టీతో నింపి, గట్టిపడ్డాక సన్న గరుకు కాగితంతో సమం చేసి మళ్ళీ చెక్కొచ్చు.

మూడు సెకన్ల పరీక్ష ప్రూఫ్‌తో మళ్ళీ చేయండి. సిరా స్కెచ్‌లో పాసైనది లినోలో ఫెయిలవడం మామూలే. ఎక్కువసార్లు కారణం అనవసరమైన వివరాలు. గోడకి ఇటుకలు, నేలకి గళ్ళు అలాంటివే.

## 9. అచ్చు వేయడం

గాజు మీద కొద్దిగా ఇంకు పట్టీలా పరిచి రోలర్‌ని అటూ ఇటూ నడపండి. సన్నగా చిటచిటమనే చప్పుడు వస్తే సరైన మందం. జిగటగా పచపచమంటే ఎక్కువైంది. పలక మీద ఒకేసారి దట్టంగా కాకుండా పల్చగా మూడు నాలుగు పొరలు వేయండి.

అట్ట మీద పలక ఆకారం గీసి, రెండు వైపుల 'ఎల్' ఆకారపు అంచు అంటిస్తే ప్రతి కాగితం ఒకే చోట పడుతుంది. కాగితం దించాక కదపకండి. మధ్య నుంచి అంచులకి గుండ్రంగా రుద్దండి. ఒక మూల మెల్లగా ఎత్తి చూసి, పల్చగా ఉన్నచోట మళ్ళీ రుద్దండి. మొదటి రెండు మూడు పల్చగా రావడం మామూలే, పలక ఇంకు పట్టాలి.

తప్పు వస్తే:
- నలుపులో తెల్ల చుక్కలు: ఇంకు లేదా ఒత్తిడి చాలలేదు, లేదంటే కాగితం గరుకు.
- సన్నగీతలు, అక్షరాలు పూడుకుపోవడం: ఇంకు ఎక్కువ. ఇంకు వేయకుండానే పాత కాగితాల మీద రెండు అచ్చులు తీస్తే అదనపుది పోతుంది.
- గీత రెండుగా పడటం: కాగితం కదిలింది.
- కాగితం అంటుకుని చిరగడం: నీటి ఇంకు ఆరిపోయింది. చిన్న భాగాలుగా కాకుండా పలకంతా ఒక్కసారిగా, వేగంగా ఇంకు పట్టించండి.

నూనె ఇంకు ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది, ఇంకుని బట్టి వారం దాటొచ్చు. ఒకదాని మీద ఒకటి పేర్చకండి. నూనె ఇంకు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో తడిపి మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.

## 10. బొమ్మ కింది మాట

బొమ్మ చెప్పేసినదాన్ని కింద మళ్ళీ చెప్పకండి. "అవినీతి ఆఫీసు" అని రాస్తే ఇంత కష్టమూ వృథా. బొమ్మలోని ఎవరో ఒకరు అనే మాటగా ఉంటే బాగుంటుంది. మన కిటికీకి నేనైతే "పైవాళ్ళని అడగండి" అని పెడతాను. ఆఫీసులో రోజూ వినపడే మాటే, అంత ఎత్తులో ఉన్న కిటికీ కింద చదివితే ఇంకో రకంగా వినిపిస్తుంది.

గోయా 42వ చిత్రానికి పెట్టిన మాట "చేతకాని నువ్వు". అది గాడిద మాటో, మోసేవాడి మాటో, చూసేవాడి మాటో తేలదు. అందుకే చూసేవాళ్ళు రెండోసారి బొమ్మవైపు తిరుగుతారు.

## 11. బయటికి పంపే ముందు

ఫలానా వ్యక్తి అని గుర్తుపట్టేలా ఉంటే ఆగండి. పరువునష్టం, అవమానం విషయంలో చట్టాలు దేశానికో తీరుగా ఉంటాయి, తెలిసిన లాయరుతో ఒకసారి మాట్లాడండి. పైన చెప్పిన 'గార్గాంత్యువా' బొమ్మకి దోమియే 1832లో ఆరు నెలల జైలుశిక్ష పడి లోపలికి వెళ్ళాడు. భయపడమని కాదు, ఏం చేస్తున్నారో తెలిసి చేయమని.

- నిజాలకి ఆధారాలు ఒక ఫైల్లో పెట్టారా?
- బొమ్మలో నిజమైన బాధితుల పోలిక ఉంటే వాళ్ళ అనుమతి తీసుకున్నారా?
- గోడకి అంటించేముందు గోడ యజమానిని అడిగారా?
- అక్షరాలు ఇంకొకరితో చదివించారా?

సంఖ్య పెట్టి అమ్మాలనుకుంటే బొమ్మ కింద పెన్సిల్‌తో ఎడమవైపు 4/30 (మొత్తం 30లో నాలుగోది) అని, మధ్యలో బొమ్మ పేరు, కుడివైపు సంతకం వేయడం ఆనవాయితీ. ఈ తరహా బొమ్మలకి నేను మాత్రం సంఖ్య పెట్టని అచ్చులనే ఎంచుకోమంటాను. మామూలు కాగితం మీద, ఎన్ని కావాలంటే అన్ని. క్యూలో నిలబడేవాళ్ళ చేతికి అందాల్సిన బొమ్మ 30తో ఆగిపోకూడదు.

పని అయ్యాక పలకని వంటనూనెతో తుడిచి, సబ్బుగుడ్డతో శుభ్రం చేసి, ఎండ తగలని చోట చదునుగా పడుకోబెట్టండి. వంగిన లినోని బలవంతంగా సాగదీస్తే పగులుతుంది, కాస్త వేడి చేశాకే సరిచేయండి.